మస్టర్ లేని పని



గోదావరిఖనిలో ఎవరినైనా "ఏం పని చేస్తున్నవ్?" అని అడిగితే జవాబు ఒక గని పేరుతో మొదలవుతుంది. ఫలానా ఇంక్లైన్, ఫలానా ఓపెన్ కాస్ట్ గని, లేదంటే వర్క్‌షాప్, ఏరియా ఆసుపత్రి. ఆ వెంటనే ఈ వారం ఏ షిఫ్టో చెబుతారు. 1889లో ఇల్లందు దగ్గర మొదలైన బొగ్గు తవ్వకం, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు పెట్టుకుని, 1960 ప్రాంతంలో గోదావరి ఒడ్డుకు చేరాకే మా ఊరు ఊరయింది. తర్వాత ఎన్టీపీసీ వచ్చింది. ఎరువుల ఫ్యాక్టరీ వచ్చింది, 1999లో మూతపడింది, మళ్లీ 2021లో యూరియా తీయడం మొదలుపెట్టింది. ఇక్కడ పని అంటే కంటికి కనిపించాలి. పొద్దుగూకేసరికి ఎన్ని టన్నుల బొగ్గో, ఎన్ని యూనిట్ల కరెంటో లెక్క తేలాలి.

నేను చేసే పనికి గని పేరు లేదు, షిఫ్టు లేదు, హాజరు వేసే మస్టర్ లేదు. నేను వెబ్‌సైట్లు డిజైన్ చేస్తాను. నా దగ్గరకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం పాత వెబ్‌సైట్లు. ఎప్పుడో ఎవరో కట్టిచ్చిపోయారు, ఫోన్‌లో సరిగా తెరుచుకోవు, ఫోన్ నంబర్లు మారిపోయాయి, దాన్ని మళ్లీ కట్టాలి. మా పనిలో దీన్ని రీడిజైన్ అంటారు. ఏ కంపెనీలోనూ జీతగత్తెను కాను, ఎవరి పని ఒప్పుకుంటే వారికి చేసిపెడతాను. దాన్ని ఫ్రీలాన్స్ అంటారు.

మా బాపు బొగ్గు ఎత్తే బదిలీ ఫిల్లర్‌గా చేరి పర్మినెంట్ అయిన మనిషి. నేను హైదరాబాద్ ఉద్యోగం వదిలి ఇంటి నుంచి పని చేస్తానన్నప్పుడు ఆయన అడిగిన మొదటి మాట: "బిడ్డా, మరి నీది పర్మినెంటా, బదిలీయా?" బొగ్గు గనుల సంగతి తెలియని శ్రోతలకు చెబుతాను. పర్మినెంట్ కార్మికుడు రాని రోజు అతని చోట దిగేవాణ్ని బదిలీ వర్కర్ అంటారు. గని మీదికి పోయి, పేరు పిలుస్తారేమోనని నిలబడాలి. మస్టర్ పడితే ఆ రోజు కూలి, పడకపోతే తిరిగి ఇంటికి. ఏడాదిలో భూగర్భంలోనైతే 190 మస్టర్లు, ఉపరితలంలోనైతే 240 నిండాలనే లెక్క ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. ఆ లెక్క నిండుతుందో లేదోనని నిద్ర పట్టని ఇళ్లెన్నో. కాబట్టి బాపు అడిగింది సరదాకి కాదు. ఎవరి దగ్గరా పర్మినెంట్ కాను, పని తెచ్చుకోవలసింది నేనే, తెచ్చుకోగలనన్న నమ్మకం ఉంది అని చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పీఎఫ్ ఎవరు కడ్తరు?" అన్నారు. బొగ్గు గనుల కార్మికులకు 1948 నుంచీ ప్రత్యేకమైన ప్రావిడెంట్ ఫండ్ చట్టం ఉంది. నాలాంటివాళ్లకు అలాంటిదేమీ లేదు. బాపు అడిగిన ఆ రెండో ప్రశ్న గురించి చివర్లో మాట్లాడతాను, ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు దాన్ని తప్పక వినాలి.

1990ల మొదట్లో సింగరేణిలో 1.1 లక్షలకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల. బొగ్గు తగ్గలేదు, పెరిగింది, మనుషులు తగ్గారు. వారసత్వ ఉద్యోగాలు ఆగిపోయిన కాలంలో చదువుకున్న తరం మాది. చౌరస్తా దగ్గరి ఇంటర్నెట్ సెంటర్లో ఎంసెట్ ర్యాంకులు చూసుకున్నాం. ఫలితాలు వచ్చిన రోజు అక్కడ నిలబడటానికి చోటుండేది కాదు. హాల్‌టికెట్ నంబరు కొట్టాలి, పేజీ తెల్లగా నిలబడిపోతుంది, మళ్లీ కొట్టాలి. నైట్ షిఫ్టు దిగి నేరుగా అక్కడికి వచ్చిన తండ్రులు, మొహం కూడా కడుక్కోకుండా, కూతురి భుజం మీదుగా ఆ తెర వైపే చూస్తూ నిలబడేవాళ్లు. ఒక పేజీ సరిగా కట్టకపోతే మనుషులకు ఎంత కష్టమో నేను అక్కడే చూశాను. ఈ పని మీద నాకు మమకారం మొదలైంది అక్కడే అనుకుంటాను.

సెంటినరీ కాలనీలో 2010లో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు. మంథని కాలేజీ అంటాం గానీ ఉండేది సింగరేణి కాలనీ పక్కనే. అక్కడ చదువు, తర్వాత మా ఈడువాళ్లందరి లాగే అమీర్‌పేటలో కోర్సు, ఆ పైన హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఇంటర్నెట్ సెంటర్లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, నెట్ ప్రతి జేబులోకీ వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో అందరితో పాటు ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చాను. పని ఇక్కడి నుంచి కూడా నడుస్తుందని తెలిశాక తిరిగి పోలేదు.

నా పని సగం మన బొగ్గు బెల్టుది, సగం బయటిది. ఇక్కడ నర్సింగ్‌హోములు, ఫంక్షన్ హాళ్లు, స్కూళ్లు, లారీ ట్రాన్స్‌పోర్టు వాళ్లు, డంపర్లకూ కన్వేయర్లకూ విడిభాగాలు అమ్మేవాళ్లు. బయట అంటే బెంగళూరు, పుణె, కొన్నిసార్లు అమెరికాలో ఉన్న మనవాళ్ల చిన్న చిన్న వ్యాపారాలు. ఎన్టీపీసీ, సింగరేణి లాంటి సంస్థల సైట్ల పని పెద్ద టెండర్లతో నడుస్తుంది, మా దాకా రాదు. చిన్నవాళ్ల సైట్లే నాకిష్టం. వాటిని తెరిచేవాళ్లను నేను రోజూ బజార్లో చూస్తాను.

ఇక పని ఎలా చేస్తానో చెబుతాను.

సైటు మార్చాలని వచ్చినవాళ్లు దాదాపు ఎప్పుడూ ఒకే మాటతో మొదలుపెడతారు: "పాతగైంది మేడం, కొత్తగ కనబడాలె." ఇంకొకరి సైటు చూపించి "గిట్లుండాలె" అంటారు. నేను ఆ మాట రాసుకుంటాను గానీ దాని మీద పని మొదలుపెట్టను. ముందు పాత సైటుకు ఎవరు వస్తున్నారు, ఏ పేజీ దగ్గర ఆగుతున్నారు, గూగుల్‌లో ఏం వెతికి ఇక్కడికి చేరారు అన్నది చూస్తాను. ఈ లెక్కలు ఉచితంగానే దొరుకుతాయి. ఇవి చూడకుండా రంగుల గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

విడిభాగాలు అమ్మే ఒకాయన సైటు సంగతి చెబుతాను. మొదటి పేజీ నిండా కదిలే ఫోటోలు, యజమాని సందేశం, "మా విజన్", "మా మిషన్". ఎక్కడో అట్టడుగున, ఏ మెనూలోనూ సరిగా కనిపించకుండా, ఒక పాత జాబితా పేజీ ఉంది. పార్ట్ నంబర్లు, కొలతలు, అంతే. ఒక్క బొమ్మ లేదు. అది చూడటానికి బాగాలేదని తీసేయమని ఆయనే అన్నారు. లెక్కలు తెరిచి చూస్తే సైటుకు వచ్చేవాళ్లలో సగానికి పైగా ఆ ఒక్క పేజీకే వస్తున్నారు. జార్ఖండ్ నుంచి, ఒడిశా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి. అక్కడి గనుల దగ్గర ఎవరో స్టోర్స్ గుమాస్తా ఒక పార్ట్ నంబరు గూగుల్‌లో కొడితే ఈ పేజీ పైకి వస్తోంది. ఆయన వ్యాపారాన్ని నిలబెడుతున్న పేజీ అదే, ఆ సంగతి ఆయనకే తెలియదు. కొత్త సైటులో ఆ జాబితానే ముందుకు తెచ్చాం. వెతుక్కునే పెట్టె పెట్టాం, ప్రతి భాగానికీ ఫోటో తీయించాం, పక్కనే వాట్సాప్ నంబరు. యజమాని సందేశం చివరి పేజీకి వెళ్లింది. ఆయన కొంచెం నొచ్చుకున్నారు, తర్వాత ఒప్పుకున్నారు.

మన బెల్టులో పెరిగినవాళ్లకు దీన్ని ఒక్క మాటలో చెప్పొచ్చు. భూగర్భంలో బొగ్గు తీసేటప్పుడు గ్యాలరీలు తవ్వుకుంటూ మధ్యలో పెద్ద పెద్ద దిమ్మలను పిల్లర్లుగా వదిలేస్తారు. కప్పు వాటి మీద నిలబడుతుంది. తర్వాత ఆ పిల్లర్లను కూడా తీస్తారు, డీపిల్లరింగ్ అంటారు. కానీ ఏ పిల్లర్ ముందు, ఏది వెనక, ఎక్కడ సపోర్టు, తీసిన చోట ఇసుక నింపాలా వద్దా, అంతా ప్లాను మీద గీసుకున్నాకే. పాత వెబ్‌సైటులో కూడా పిల్లర్లుంటాయి. అవి అందంగా ఉండాలని లేదు. ఏది బరువు మోస్తోందో తెలిశాకే చెయ్యి వెయ్యాలి. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే.

పేజీల చిరునామాల విషయంలో ఇది మరీ నిజం. కొత్త సైటు పెట్టినప్పుడు పాత పేజీల చిరునామాలన్నీ మార్చేస్తుంటారు. పాత లింకు నొక్కినవాళ్లకు "పేజీ దొరకలేదు" అని వస్తుంది. ఆ లింకులు ఎక్కడెక్కడ ఉన్నాయో యజమానికి తెలియదు. వాట్సాప్ గ్రూపుల్లో, విజిటింగ్ కార్డుల మీద, ఆటోల వెనక, సంక్రాంతికి పంచిన క్యాలెండర్ల మీద. అందుకే ప్రతి పాత చిరునామా నుంచి కొత్త పేజీకి దారి వేసి పెట్టాలి. మా భాషలో 301 రీడైరెక్ట్ అంటారు. ఇది విసుగు పుట్టించే పని, ఎవరూ చూడరు, ఎవరూ మెచ్చుకోరు. రీడిజైన్‌లో నేను ఎక్కువ జాగ్రత్తగా చేసే పని ఇదే. పాత సైటులో ఏముండేదో యజమానికి కూడా గుర్తులేకపోతే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో వెతుకుతాను. ఏళ్ల కిందటి పేజీలు కూడా అక్కడ దొరుకుతుంటాయి.

వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే, పేజీల చిరునామాలు మార్చవద్దని వాదిస్తూ ఒక వ్యాసం రాశారు. విచిత్రమేమంటే 1991లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ ప్రయోగశాలలో ఆయన ప్రపంచానికి తెరిచిన మొట్టమొదటి వెబ్‌సైటు చిరునామాయే మధ్యలో పనిచేయకుండా పోయింది. 2013లో సెర్న్ వాళ్లు పూనుకుని దాన్ని పాత చిరునామాలోనే తిరిగి నిలబెట్టారు. ఇవాళ మన ఫోన్‌లో కూడా అది తెరుచుకుంటుంది. బొమ్మలుండవు, రంగులుండవు, అక్షరాలూ లింకులూ మాత్రమే. ముప్పై ఏళ్లు దాటినా చదవడానికి ఏ ఇబ్బందీ లేదు.

లెక్కలు చూడటం అయ్యాక మనుషుల దగ్గరికి వెళతాను. సైటు తెరిచి ఫోన్ వాళ్ల చేతిలో పెట్టి, ఒక్క పని చెబుతాను. "గుండె డాక్టర్ ఏ రోజు వస్తడో చూడు పెద్దనాయినా." అంతే. ఆ తర్వాత నేను నోరు విప్పకూడదు. సాయం చేయాలని చెయ్యి లాగుతుంది, చేయకూడదు. డెన్మార్క్‌కు చెందిన జాకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లో రాశారు, ఐదుగురితో ఇలా చూస్తే చాలు, ఇబ్బందుల్లో పెద్ద భాగం బయటపడుతుందని. నా అనుభవంలో ముగ్గురి దగ్గరే కథ తెలిసిపోతుంది. రిటైరైన ఒక పెద్దమనిషి నర్సింగ్‌హోమ్ సైటు మొదటి పేజీ చూసి అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది: "బిడ్డా, బిల్డింగు ఫోటోలు తిరుగుతనే ఉన్నయ్. డాక్టర్ ఏడున్నడు?" నర్సింగ్‌హోమ్ సైటుకు వచ్చే మనిషికి కావలసింది ఏ డాక్టరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఫోన్ నంబరు, రిఫర్ చేసినవాళ్లను చూస్తారా లేదా. ఈ ఐదు విషయాలూ వేలితో జరపకుండా మొదటి తెర మీదే కనిపించాలి. భవనం ఫోటో ఒక్కటి చాలు, అదీ కింద.

ఇక్కడి చేతుల గురించి కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి చెమ్మస్, అంటే బొగ్గెత్తే పార, పట్టిన చేతులు, కాయలు కాసిన వేళ్లు. కొందరికి వేళ్లే పోయాయి. ఫోన్ అద్దం ఆ వేళ్లను సరిగా గుర్తుపట్టదు. పక్కపక్కనే చిన్న చిన్న బటన్లు పెడితే ఒకటి నొక్కబోతే ఇంకొకటి పడుతుంది. అందుకే బటన్లు పెద్దవిగా పెడతాను, మధ్యలో చోటు వదులుతాను. కళ్ల సంగతీ అంతే. ఈమధ్య తెల్లటి పేజీ మీద లేత బూడిద రంగు అక్షరాలు పెట్టడం ఒక ఫ్యాషన్. పడుచు డిజైనర్ల ఖరీదైన తెర మీద అది బాగానే కనిపిస్తుంది. మే నెల ఎండలో, గీతలు పడ్డ ఫోన్ మీద, అరవై ఏళ్ల కంటికి అక్కడ అక్షరం ఉన్నట్టే తెలియదు. వెబ్ ప్రమాణాలు చూసే ప్రపంచ సంస్థ 2008లో ఇచ్చిన నియమాల్లో, అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలని రాసింది. మన ప్రభుత్వ వెబ్‌సైట్లకు కూడా 2009 నుంచీ మార్గదర్శకాలున్నాయి, 2023లో వాటి మూడో రూపం వచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉండనే ఉంది. గనుల్లో పనిచేసి చూపు, వినికిడి, చేతులు దెబ్బతిన్నవాళ్లు ఇంతమంది ఉన్న ప్రాంతంలో ఇవి కాగితం మీది నియమాలుగా మిగిలిపోతే నాకు కోపం వస్తుంది. డ్రిల్లింగ్ మోతకూ బ్లాస్టింగ్‌కూ చెవులు మందగించిన మనిషికి వీడియో పెట్టి, కింద అక్షరాలు వేయకపోతే ఆ వీడియో ఎవరికోసం?

షిఫ్టుల విషయం బయటి డిజైనర్లకు తట్టదు. భూగర్భ గనిలోకి మామూలు సెల్‌ఫోన్ తీసుకుపోనివ్వరు. బీడీ, అగ్గిపెట్టె ఎలా పైనే వదలాలో ఫోనూ అంతే, మీథేన్ ఉన్నచోట చిన్న నిప్పురవ్వ చాలు. అంటే ఒక కార్మికుడు షిఫ్టంతా ప్రపంచానికి అందడు. ఈలోపు వచ్చిన ఓటీపీ చచ్చిపోతుంది. "ఈ రోజు సాయంత్రం 5 లోపు ఫారం నింపండి" అని ఏ స్కూలో పెడితే, రెండో షిఫ్టు తండ్రి పైకొచ్చి చూసేసరికి గడువు దాటి ఉంటుంది. అందుకే ఒక స్కూలు సైటు మళ్లీ కట్టేటప్పుడు నేను పట్టుబట్టి రెండు మార్పులు చేయించాను. గడువు ఎప్పుడూ పూర్తి రోజుల్లో ఉండాలి, కనీసం మూడు షిఫ్టులు దాటేలా. సగం నింపిన ఫారం మర్నాటికి కూడా అలాగే ఉండాలి. ఇవి తెర మీద కనిపించే డిజైన్ కాదు గనక వీటికి డబ్బెందుకని అడుగుతారు. ఇదే అసలు డిజైన్ అని నా నమ్మకం.

ఇక తెలుగు. దీని గురించి కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను.

2000 ప్రాంతంలో తెలుగు సైట్లు చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. అది మన కంప్యూటర్లో లేకపోతే పేజీ నిండా ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు, గీతలు. తెలుగుకు 1991లోనే యూనికోడ్‌లో చోటు దక్కింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే తెలుగు ఫాంటును వెంట తెచ్చింది. అయినా పాత అలవాటు చాలాకాలం పోలేదు. అది మారడానికి కొందరు తెలుగువాళ్లు సొంత సమయం పెట్టి చేసిన పనులు కారణం. పాత ఫాంట్లలోని రాతను యూనికోడ్‌లోకి మార్చి చూపే పద్మను వెన్న నాగార్జున చేశారు. ఇంగ్లిష్ కీబోర్డు మీద తెలుగు రాసుకునే లేఖినిని 2006లో వీవెన్ అందరి చేతికీ ఇచ్చారు. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఉచితంగా పంచారు. గుత్తుల పురుషోత్ కుమార్ రూపొందించిన మండలి, రామభద్ర, గిడుగు, సురవరం లాంటి ఫాంట్లు ఇవాళ గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా వాడుకోవచ్చు. వీళ్లలో ఎవరినీ నేను కలవలేదు. నేను తెలుగులో కట్టే ప్రతి పేజీ కింద వీళ్ల శ్రమ ఉంది. ఆ మాట రేడియోలో చెప్పే అవకాశం వచ్చినందుకు సంతోషంగా ఉంది.

పాత సైట్లు తెరిస్తే ఇప్పటికీ ఆ నాటి అవశేషాలు కనిపిస్తాయి. తెలుగు రాతనంతా ఫోటోగా మార్చి అతికించిన పేజీలు. మనిషి కంటికి అది తెలుగే. గూగుల్‌కు అక్కడ ఒక్క అక్షరం కూడా లేదు. చూపు లేనివాళ్లకు పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు కూడా లేదు. ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే మసక. అలాంటి పేజీలను కూర్చుని మళ్లీ టైపు చేయించడం నా పనిలో భాగమే, దానికి విడిగా రేటు చెబుతాను.

ఇంకో ఇబ్బంది ఎత్తుది. మార్కెట్‌లో దొరికే రెడీమేడ్ డిజైన్లన్నీ ఇంగ్లిష్ అక్షరం కొలతలకు కట్టినవి. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి. కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. "రాష్ట్రం" అని రాసి ఇంగ్లిష్ కొలతలో వరుసలు పేర్చితే పై వరుస వత్తులూ కింది వరుస గుడులూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, బటన్‌లో పెడితే వత్తు సగం తెగిపోతుంది. ఇంగ్లిష్‌కు అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు వరుస చాలు. తెలుగుకు నేను దాదాపు రెండు రెట్ల దాకా వెళతాను, ఫాంటును బట్టి. తెలుగు ఫాంటు ఫైలు కూడా ఇంగ్లిష్ దానికంటే చాలా బరువు, సంయుక్తాక్షరాలన్నీ మోయాలి కదా. అందుకే ఒక సైటుకు ఒకే తెలుగు ఫాంటు అని నియమం పెట్టుకున్నాను, శీర్షికలకు మరీ అవసరమైతే రెండోది. ఓపెన్ కాస్ట్ పక్కనున్న పల్లెల్లో సిగ్నల్ అందే తీరు తెలిసినవాళ్లెవరూ పేజీలో నాలుగు ఫాంట్లు పెట్టరు.

ఫోటోల విషయంలో నాకు ఒక పట్టుదల ఉంది. ఇంటర్నెట్‌లో కొనే ఫోటోలు వద్దంటాను. పసుపు హెల్మెట్ పెట్టుకుని మెరిసే పళ్లతో నవ్వే విదేశీ ఇంజనీరు మన వర్క్‌షాప్ సైటు మీద ఎందుకు? ఆ షాపులో లేత్ మీద పనిచేసే మనిషినే ఫోటో తీస్తాను, ఆయన ఒప్పుకుంటే. గని ఆవరణలోనైతే అనుమతి కావాలి, అడుగుతాం, ఇవ్వకపోతే మానేస్తాం. ఫోటో పడిన రోజు ఆయన ఇంట్లోవాళ్లంతా ఆ సైటు తెరిచి చూస్తారు. కొనేవాడికి కూడా తాను ఎవరి దగ్గర కొంటున్నాడో తెలుస్తుంది.

ఇప్పుడు బాపు అడిగిన రెండో ప్రశ్న, పీఎఫ్ సంగతి. ఈ పనిలోకి రావాలని నా దగ్గరకు వచ్చే పిల్లలు కనీసం ఈ భాగం వినాలి. మొదటి ఏడాది పని తక్కువ, రాబడి ఇంకా తక్కువ. ఒక నెల బాగా వస్తుంది, రెండు నెలలు రాదు. అందుకే చేతికి వచ్చిన ప్రతి బిల్లులో నాలుగో వంతు అక్కడికక్కడే తీసి పక్కన పెడతాను, కొంత పీపీఎఫ్‌కు, కొంత ఎన్‌పీఎస్‌కు, కొంత పని లేని నెలలకు. మా బాపు జీతంలో పీఎఫ్‌ను కంపెనీయే పట్టుకునేది, ఇక్కడ పట్టుకునేది మన చెయ్యే. ఆరోగ్య బీమా మొదటి ఏడాదే తీసుకోండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు, ఆ స్థాయికి రాకముందే లెక్కలు రాసే అలవాటు చేసుకోండి.

డబ్బు మాట ముందే మాట్లాడాలి. మన దగ్గర మొహమాటం ఎక్కువ, అందులోనూ తెలిసినవాళ్లు, కాలనీవాళ్లు, బాపుతో పనిచేసినవాళ్ల కొడుకులు. "మనోళ్లే కదమ్మా" అంటారు. మనవాళ్లయినా సరే, ఏ పేజీలు, ఎన్నిసార్లు మార్పులు, ఎన్ని వారాలు, ఎంత అన్నది ఒక కాగితం మీద రాసి ఇద్దరం సంతకం పెడతాం. మూడో వంతు ముందు, మూడో వంతు నమూనా ఒప్పుకున్నాక, మిగతాది అప్పగించేటప్పుడు. "ఇంకొక్క చిన్న మార్పు" అన్నది ఎన్నిసార్లు వస్తుందో ఆ కాగితమే చెబుతుంది. కాగితం లేకుండా చేసిన పనికి ఏళ్లు గడిచినా డబ్బు అందనివాళ్లు నాకు తెలుసు, ఇద్దరి మధ్య మాటలు కూడా పోయాయి.

ఏం నేర్చుకోవాలని అడుగుతారు. బొమ్మలు అమర్చడం, రంగులు కలపడం, కోడ్ రాయడంలో పెద్ద భాగం ఇప్పుడు ఏఐ చేసిపెడుతోంది, నేనూ వాడతాను. కాబట్టి సాఫ్ట్‌వేర్ పేర్ల వెంట పడకండి. మీ వీధిలో ఒక మెడికల్ షాపు సైటో, మీరు చదివిన సర్కారు బడి పేజీయో తీసుకోండి. దాన్ని ముగ్గురి చేతికిచ్చి, ఎక్కడ తడబడ్డారో రాసుకోండి. ఎందుకు తడబడ్డారో ఆలోచించి ఆ ఒక్క పేజీని మళ్లీ కట్టండి. ముందు, తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి, ఏం మార్చారో ఎందుకు మార్చారో తెలుగులోనే రాయండి. బెంగళూరు కంపెనీలు కూడా నన్ను అడిగింది అలాంటి రాతే. సర్టిఫికెట్లు ఎవరూ అడగలేదు.

చివరిగా, సైట్లు చేయించుకునే యజమానులకు ఒక మనవి. నా దగ్గరకు వచ్చే పాత సైట్లలో చాలావాటికి ఒకే జబ్బు ఉంటుంది. డొమైన్ పేరు యజమాని పేరున ఉండదు. ఎప్పుడో చేసిచ్చినవాళ్ల మెయిల్ మీద ఉంటుంది. వాళ్లు ఊరు మారారు, ఫోన్ ఎత్తరు, గడువు తీరితే సొంత పేరే చేజారిపోతుంది. కాబట్టి డొమైన్ మీ పేరున, మీ మెయిల్‌తో, మీ డబ్బుతో కొనండి. హోస్టింగ్ కూడా అంతే. నేను పని అప్పగించే రోజు ఈ వివరాలన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాసిస్తాను: డొమైన్ ఎక్కడ కొన్నాం, ఎప్పుడు మళ్లీ డబ్బు కట్టాలి, ఫోన్ నంబరు మార్చాలంటే ఎక్కడ నొక్కాలి, పాత పేజీల దారులు ఏ ఫైల్లో ఉన్నాయి. యజమాని నా ముందే లోపలికి వెళ్లి, సొంతంగా ఒక ఫోన్ నంబరు మార్చి చూపించాలి. అది అయ్యాకే ఆఖరి బిల్లు ఇస్తాను.